నీళ్ళు తాగని ఏకాదశి

మా అక్కయ్య స్కాను రిపోర్టు ఎనిమిది నెలల పాటు మా దేవుడి గదిలో ఉంది. పటాల కింద, పంచాంగం పక్కన, ఒక మూల కుంకుమ బొట్టుతో. దాన్ని అక్కడ పెట్టింది నేనే. డాక్టరు గారికి చూపించవలసిన కాగితాన్ని దేవుడికి చూపించి ఊరుకున్నాను.

అక్కయ్య నా తోడబుట్టినది కాదు, తోడికోడలు. మా బావగారి భార్య. నిడదవోలు దగ్గర మా ఊళ్ళో బావగారు, మావారు గుడి అర్చకత్వం పంచుకుని చేస్తారు. రెండు కాపురాలకూ ఒకటే పెరడు, ఒకటే నుయ్యి. కోనసీమ నుంచి కోడలిగా వచ్చిన రోజు నా పెట్టె అందుకుని లోపల పెట్టింది ఆవిడే. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నన్ను బడికి పంపలేదు. మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి తెలుగు, లెక్కలు, కూడబలుక్కుని చదివేపాటి ఇంగ్లీషు నేర్పారు. ఆ కాస్త చదువుకే అక్కయ్య నాకు పెద్ద పీట వేసేది. మందు సీసా వచ్చినా, బ్యాంకు కాగితం వచ్చినా "మా చెల్లెలికివ్వండి, అది చదువుతుంది" అనేది. ఆ నమ్మకం తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది.

పెళ్ళైన ఏడేళ్ళకు నాకు కడుపు నిలిచింది. మొదటి స్కానుకు నన్ను తణుకు తీసుకువెళ్ళింది కూడా అక్కయ్యే. అప్పటికి మా ఇంట్లో ఎవరూ ఆ గది చూసినవాళ్ళు లేరు. కడుపులోకి కరెంటు పంపిస్తారని, బిడ్డకు కాక తగులుతుందని ఎవరో చెబితే రెండు రోజులు నాకు నిద్ర లేదు. అక్కయ్య గుడ్డసంచిలో పెద్ద రాగిచెంబు పెట్టుకుని వచ్చింది. నీళ్ళు బాగా తాగి ఆపుకుని ఉండాలని ముందే కనుక్కుంది.

"తాగు."

"తాగేనక్కయ్యా. ఇంక పట్టదు."

"పట్టకపోవడానికి నీ పొట్టేమన్నా పచ్చడి జాడీయా? తాగు."

అరగంటయ్యేసరికి బెంచీ మీద ఇటూ అటూ కదులుతున్నాను.

"అక్కయ్యా, ఆగేలా లేదు."

"గోవిందా గోవిందా అనుకో."

"గట్టిగా అంటే ఇక్కడే అయిపోయేలా ఉంది."

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఎదురుగా గోడ మీద, పుట్టేది ఆడో మగో ఇక్కడ చెప్పబడదు అని పెద్ద అక్షరాల బోర్డు. దాన్ని చూపించి, "చూశావా, నువ్వు అడుగుతావని ముందే రాసి పెట్టారు" అంది.

లోపల డాక్టరమ్మ పొట్ట మీద చల్లటి జెల్లు రాసి చిన్న పరికరం ఆనించింది. అక్కయ్య ఊరుకోలేదు. ఈ నీళ్ళెందుకు, ఈ జిగురెందుకు, కాక తగలదా అని ఒక్కొక్కటే అడిగింది. డాక్టరమ్మ విసుక్కోకుండా చెప్పింది. ఇది ఎక్స్‌రే కాదట. మన చెవికి వినపడని శబ్దాన్ని లోపలికి పంపి, అది తిరిగి వచ్చే తీరును బట్టి బొమ్మ గీస్తుందట. శబ్దానికి గాలి అడ్డు. చర్మానికీ పరికరానికీ మధ్య గాలి లేకుండా జెల్లు. పొత్తికడుపులో పేగులు గాలితో అడ్డం వస్తాయి కనక, మూత్రం సంచి నిండితే అది పేగుల్ని పక్కకు తోసి, వెనక ఉన్నవి కనపడడానికి కిటికీలా పనిచేస్తుందట. అక్కయ్యకు ఆ మాట ఎంత నచ్చిందో! ఆ తర్వాత ఊళ్ళో ఏ కోడలు స్కానుకు వెళ్ళినా, "నీళ్ళు తాగి వెళ్ళవే, లోపలి కిటికీ తెరుచుకోవాలి" అని చెప్పి పంపేది.

అంటే ఆవిడకు తెలుసు. నాకూ తెలుసు. తెలియక చేసిన తప్పు కాదు మాది.

మా అబ్బాయి ఏడో నెలలోనే పుట్టేశాడు. రాజమండ్రి ఆసుపత్రిలో గాజుపెట్టెలో పెట్టారు. నేను మంచం మీద లేవలేని స్థితిలో ఉంటే రోజూ వెళ్ళి వాణ్ణి అద్దంలోంచి చూసి వచ్చి, "ఇవాళ కాలు ఆడించాడే", "ఇవాళ ఆవులించాడే" అని చెప్పింది అక్కయ్యే. ఆవిడకు పిల్లలు లేరు. ఒకరోజు పొద్దున్నే గోదావరిలో మునిగి, తడిచీరతోనే ఒడ్డున నిలబడి మొక్కుకుందట. వీడు ఇంటికి వస్తే బతికి ఉన్నన్నాళ్ళూ ఏకాదశి నాడు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనని. వాడు ఇంటికి వచ్చాడు. ఆవిడ మాట తప్పలేదు. నడివేసవిలో కూడా ఏకాదశి నాడు ఆవిడ పెదవులు ఎండి, మర్నాడు ద్వాదశి పొద్దున తులసి తీర్థం, అవిసాకు కూరతో పారణ చేసేదాకా అలాగే ఉండేవి. నా బిడ్డ కోసం ఆవిడ ఎండిపోతుంటే చూస్తూ నేను నీళ్ళు తాగేదాన్ని.

అలా ఇరవై ఏళ్ళు.

మూడు శీతాకాలాల క్రితం అక్కయ్య అన్నం సగంలో వదిలేయడం మొదలుపెట్టింది. "నాలుగు ముద్దలకే నిండిపోతోందే" అనేది. పొత్తికడుపు బరువుగా ఉందని, ఊరికే బాత్రూముకు వెళ్ళాల్సి వస్తోందని. గ్యాసు అనుకున్నాం. వాము నమిలింది, మజ్జిగలో ఇంగువ వేసుకు తాగింది. తగ్గలేదు. తణుకు డాక్టరు గారు పొట్ట నొక్కి చూసి, "పైనా కిందా మొత్తం స్కాను తీయించుకుని రండి" అని రాసి ఇచ్చారు.

స్కానింగ్ సెంటరుకు ఫోను చేసింది నేను. అక్కడి అమ్మాయి గడగడా చెప్పింది. "పొద్దున్న ఏమీ తినకుండా రావాలండి, పిత్తాశయం కనపడాలి కదా. కానీ నీళ్ళు తాగొచ్చండి. గంట ముందు లీటరు నీళ్ళు తాగి, బాత్రూముకు వెళ్ళకుండా ఆపుకుని రండి. బుధవారం ఖాళీ ఉంది, శుక్రవారం ఉంది. ఏది రాయమంటారు?"

శుక్రవారం ఏకాదశి. నేను శుక్రవారమే రాయమన్నాను. ఎలాగూ ఆవిడ ఆ రోజు ఏమీ తినదు. బుధవారం స్కాను కోసం ఒక పస్తు, శుక్రవారం వ్రతానికి మరో పస్తు ఎందుకు? అసలే నీరసంగా ఉంది. ఒక్క ఉపవాసంతో రెండు పనులూ అయిపోతాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను. నీళ్ళ సంగతి అక్కయ్యకు చెప్పలేదు. చెబితే రానంటుంది. అక్కడికి వెళ్ళాక ఎలాగో ఒప్పించవచ్చులే అనుకున్నాను. పాత రాగిచెంబు తోమి, నీళ్ళు పోసి, మూత పెట్టి సంచిలో పెట్టుకున్నాను.

సెంటరులో కుర్చీల్లో కూర్చున్నాక సంచిలోంచి చెంబు తీశాను. అక్కయ్య దాన్ని చూసి నావైపు చూసింది.

"ఇదెందుకు?"

"నీళ్ళు తాగాలట అక్కయ్యా."

"ఎవరన్నారు?"

"ఫోనులో ఆ అమ్మాయి."

"మరి ఇంటి దగ్గర చెప్పలేదేం?"

"చెబితే వస్తావా?"

"దొంగా" అని నవ్వింది. "ఇవాళేమిటో తెలీదూ నీకు?"

"తీర్థం అనుకుని తాగు."

"లీటరు తీర్థం ఏ గుళ్ళో ఇస్తారే? మీ ఆయన్నీ, మీ బావగారినీ అడిగి చూడు. ఉద్ధరిణెడు పోయడానికే లెక్క చూసుకుంటారు."

"నవ్వులాట కాదక్కయ్యా. కనపడదు లోపల. కిటికీ అని నువ్వే అందరికీ చెబుతావు."

ఆవిడ నా చేతిలోంచి చెంబు తీసుకుని, మూత బిగించి, మళ్ళీ సంచిలో పెట్టేసింది. మెల్లగా అడిగింది. "అబ్బాయి ఎలా ఉన్నాడు?"

"బానే ఉన్నాడు. నిన్న కూడా కాకినాడ నుంచి ఫోను చేశాడుగా."

"ఉన్నాడుగా. మరి ఊరుకో."

నా కొడుకు క్షేమం ఆ చెంబు మూత కింద ఉన్నట్టు అనిపించింది. నేను ఇంకొక్కసారి అడిగి ఉండాలి. కాళ్ళు పట్టుకుని అడిగి ఉండాలి. అడగలేదు. పైపెచ్చు, లోపల ఎక్కడో, ఆవిడ తాగనందుకు నాకు కొంచెం ధైర్యంగా కూడా ఉంది. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

లోపలి నుంచి ఒక అమ్మాయి వచ్చి పేరు పిలిచింది. "నీళ్ళు తాగారా అండి?"

అక్కయ్య అబద్ధం ఆడదు. తల తిప్పి నావైపు చూసింది.

"తాగారండి" అన్నాను.

పొద్దున్నే సూర్యనమస్కారం చేసి, దీపం పెట్టి, దేవుడికి దండం పెట్టి వచ్చిన నోటితో అన్నాను. వ్రతం కోసం ఆడిన మాట, దేవుడు క్షమిస్తాడులే అనుకున్నాను. దేవుడి సంగతి సరే. బొమ్మ గీయవలసినది ఆ యంత్రం కదా, దానికి క్షమించడం ఎలా తెలుస్తుంది?

డాక్టరమ్మ వేరే ఆవిడ, చిన్న వయసు. పైభాగమంతా తీరిగ్గా చూసింది. ఊపిరి పట్టమంది, పక్కకు తిరగమంది. పొత్తికడుపు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

"బ్లాడరు ఖాళీగా ఉందేంటమ్మా? ఎంత తాగారు?"

"తాగారండి. ఇందాకే ఆగలేక వెళ్ళొచ్చారు" అన్నాను. మొదటి అబద్ధానికి తోడుగా రెండోది.

"అయ్యో, వెళ్ళకూడదని చెప్పలేదా? లివరు, పిత్తాశయం, కిడ్నీలు అన్నీ బాగున్నాయి. గర్భసంచి సరిగ్గా కనపడట్లేదు. అండాశయాలైతే అసలు కనపడట్లేదు, గ్యాసు అడ్డం వచ్చేసింది. బయట కూర్చుని మళ్ళీ నీళ్ళు తాగండి. గంట ఆగి చూస్తాను. లేదా లోపలి నుంచి చేసే స్కాను ఉంది, దానికి నీళ్ళు తాగక్కర్లేదు. నేనే చేస్తాను, భయమేమీ లేదు."

లోపలి నుంచి అనేసరికి అక్కయ్య చీర సర్దుకుని లేచి కూర్చుంది. "వద్దు తల్లీ. ఇంకో రోజు వస్తాంలే."

"తప్పకుండా రండి మరి. రిపోర్టులో రాస్తున్నాను. మీ డాక్టరు గారికి చూపించండి."

"చూపిస్తామండి" అన్నాను.

ఇంటికి వచ్చేసరికి బావగారు అరుగు మీద ఎదురుచూస్తున్నారు. "ఏమన్నారమ్మా?"

"లివరు, కిడ్నీలు అన్నీ బాగున్నాయన్నారండి బావగారూ."

"హమ్మయ్య" అని ఆయన రెండు చేతులూ జోడించారు. ఆ హమ్మయ్య విన్నాక మిగతా సగం నేను చెప్పలేదు. దేవుడి గదిలోకి వెళ్ళి రిపోర్టు తీసి చూశాను. వరసగా నార్మల్, నార్మల్ అని ఉంది. కూడబలుక్కుంటూ అన్నీ చదివాను. కింద చివర రెండు వరుసలున్నాయి. అందులో ఏముంటుందో నాకు తెలుసు. తెలుసు కనక చదవలేదు. మూలన బొట్టు పెట్టి పటాల కింద పెట్టాను.

మర్నాడు అక్కయ్య పారణ చేసింది. ఆ వారం ఒంట్లో తేలికగానే ఉందంది. ఆ తర్వాత మాఘమాసం ముహూర్తాలు. మగవాళ్ళిద్దరూ ఇంటి పట్టున లేరు. "మళ్ళీ స్కానుకు వెళ్ళొద్దామా అక్కయ్యా" అంటే "ఈ పెళ్ళిళ్ళు కానీ" అంది. పెళ్ళిళ్ళయ్యాక ఎండలన్నాం. ఎండలు తగ్గాక వానలన్నాం. నొప్పి ఉన్న రోజున వెళదామనుకునేవాళ్ళం, లేని రోజున ఎందుకులే అనుకునేవాళ్ళం. ఎవరైనా అడిగితే "స్కాను తీయించాం కదా, అన్నీ బానే ఉన్నాయి" అని నేనే చెప్పేదాన్ని. చెప్పగా చెప్పగా నేను కూడా నమ్మేశాను.

దసరాల్లో ఒకరోజు చీర కుచ్చెళ్ళు దోపుకోలేక అక్కయ్య నన్ను పిలిచింది. మనిషి చిక్కిపోయింది, పొట్ట మాత్రం బిగిసి ఉంది. దేవుడి గదిలోంచి రిపోర్టు తీసుకుని తణుకు వెళ్ళాం.

డాక్టరు గారు పై వరుసలు చూడనే లేదు. నేను వదిలేసిన ఆ చివరి రెండు వరుసలే చదివి, కాగితం బల్ల మీద పెట్టారు.

"ఇది నాకు చూపించలేదేంటమ్మా?"

"అన్నీ నార్మల్ అని..."

"చూసినవి నార్మల్. వీటిని చూడలేకపోయామని రాశారు. మళ్ళీ రమ్మని కూడా రాశారు కదమ్మా."

ఆ సాయంత్రమే స్కాను. ఏకాదశి కాదు. అక్కయ్య రాగిచెంబు ఎత్తి, గటగటా మొత్తం తాగేసి, "ఇప్పుడు తృప్తేనా?" అంది. అదే డాక్టరమ్మ. ఆవిడ చేయి ఒకచోట ఆగి, అక్కడే చాలాసేపు ఉండిపోయింది. అక్కయ్యను బాత్రూముకు పంపాక నేను గదిలో ఉండిపోయాను.

"క్రితంసారి ఆవిడ నీళ్ళు తాగలేదండి. ఏకాదశి. నేనే అబద్ధం చెప్పాను."

ఆవిడ తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "ఆ మాట అప్పుడే చెప్పుంటే మర్నాడు రమ్మనేదాన్ని కదమ్మా" అంది. అంతే.

మర్నాడు. ద్వాదశి. తీర్థం పుచ్చుకుని, పారణ భోజనం స్కాను అయ్యేదాకా ఆపుకుని, ఆ తీర్థం మీదే లీటరు నీళ్ళు తాగి వెళ్ళవలసింది. వ్రతం చెడేది కాదు, స్కాను చెడేది కాదు. ఒక్క రోజు. నోరు తెరిచి ఒక్క మాట చెబితే దొరికేది.

రాజమండ్రిలో ఆపరేషను చేశారు. అండాశయంలో గడ్డ, మంచిది కాదన్నారు. ఆ తర్వాత సూదిమందులు, జుట్టు ఊడిపోవడం. ఒకరోజు ధైర్యం చేసి పెద్ద డాక్టరు గారిని అడిగాను, ఎనిమిది నెలల ముందు తెలిసి ఉంటే ఏమయ్యేదని. ఆయన, "చెప్పలేనమ్మా. ముందుగా దొరికితే ఎప్పుడూ మేలే. కానీ అప్పటికి అది ఎంత ఉందో, అసలు ఉందో లేదో మనకు తెలీదు కదా" అన్నారు. ఆ ప్రశ్న అలాగే నాతో ఉండిపోయింది.

ఆసుపత్రిలో ఉండగానే ఒక ఏకాదశి వచ్చింది. చేతికి సెలైను ఎక్కుతోంది. అక్కయ్య ఆ సీసాకేసి చూస్తూ, "నోట్లో పోయట్లేదు, నరంలో పోస్తున్నారు. వ్రతం ఉన్నట్టా, పోయినట్టా? మీ బావగారికి ఫోను చేసి అడుగు" అంది. నాకు నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. అన్నీ చెప్పేశాను. చివరి రెండు వరుసలు చదవకుండా వదిలేసిన సంగతి కూడా.

"నేను తాగలేదు. నువ్వు తాగారన్నావు. ఇద్దరం కలిసి చేసినదానికి నువ్వొక్కదానివే ఏడుస్తావేం?" అంది. మళ్ళీ తనే, "నేను పోయాక నా ఏకాదశులు నువ్వు నెత్తిన పెట్టుకోకు. ఉండాలనిపిస్తే నీళ్ళు తాగి ఉండు. వాడికేం కాదు" అంది.

ఆపరేషను తర్వాత పదహారు నెలలు ఉంది ఆవిడ. దేవుడి మీద నాకు కోపం లేదు. నీళ్ళు తాగవద్దని ఆయన అననే లేదు. ఆ పదహారు నెలలూ ఆవిడకు అన్నం కలిపి పెట్టే అవకాశం నాకు ఇచ్చాడు, దానికి దండం పెట్టుకుంటాను.

ఇప్పుడు మా వీధి ఆడవాళ్ళు స్కాను కాగితం పట్టుకుని నా దగ్గరికి వస్తే ముందు చివరి వరుసలు చదువుతాను. ఏది బాగుందన్నారో సరే, ఏది కనపడలేదన్నారో అడిగి వచ్చావా అంటాను. అర్థం కాకపోతే వెళ్ళి డాక్టరు గారినే అడగమంటాను. తిన్నావో తాగావో, ఏ వ్రతంలో ఉన్నావో, పాత ఆపరేషనులేమైనా ఉన్నాయో, దాచకుండా చెప్పమంటాను. లోపలి నుంచి చేసే స్కాను అంటే సిగ్గుపడి లేచి వచ్చేయవద్దంటాను. చెబుతున్నంతసేపూ అక్కయ్య చీర సర్దుకుని లేవడమే కళ్ళ ముందు ఉంటుంది.

పోయిన నెలలో నాకూ స్కాను రాశారు. పెద్దగా ఏమీ లేదు, వయసుతో వచ్చేవే. సెంటరు వాళ్ళు ఇచ్చిన రోజు చూస్తే ఏకాదశి. ఫోనులోనే, "ఆ రోజు ఉపవాసమమ్మా, నీళ్ళు తాగుతాను, పరవాలేదా?" అని అడిగాను. పరవాలేదంది.

వెళ్ళాను. అదే వరస కుర్చీలు. తలుపు తీసుకుని ఒక అమ్మాయి వచ్చింది.

"నీళ్ళు తాగారా అండి?"

"మూడు గ్లాసులే తాగానమ్మా. ఇంకా పట్టట్లేదు."

"అయితే ఇంకాస్త తాగి కూర్చోండి. తొందరేం లేదు, తర్వాత పిలుస్తాను" అని లోపలికి వెళ్ళిపోయింది.

సంచిలోంచి రాగిచెంబు తీసి, మూత తీశాను. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. పచ్చడి జాడీయా అని అడిగేవాళ్ళు లేరు. గుక్క గుక్కకూ ఆగుతూ, మొత్తం తాగాను.